బడిలోనే అదనపు బోధన: సర్కారు నిధులు అడగడం నుంచి లెక్క అప్పజెప్పే దాకా

“సార్, మా ఊరి బడిలో అయిదో తరగతి బిడ్డలకు పేరా చదవడం రావడం లేదు. సాయంత్రం ట్యూషన్ చెప్పించడానికి గవర్నమెంటు డబ్బులు ఇస్తుందంట కదా, ఎవరిని అడగాలి?” ఈ నెల రోజుల్లో ఇదే మాట పాకాల నుంచి ఒకరు, గుడిపాల నుంచి ఒకరు, తిరుపతి టౌన్‌లో మున్సిపల్ స్కూల్ కమిటీలో ఉన్న ఒక తల్లి అడిగారు. కొత్తగా హెచ్‌ఎం బాధ్యత తీసుకున్న టీచర్లూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే కన్నా వరసగా రాసిపెడితే మేలనిపించింది.

నేను ఉమ్మడి చిత్తూరు జిల్లా సర్కారు బడుల్లో ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెప్తున్నాను. అందులో కొన్నేళ్లు హెచ్‌ఎంగా అర్జీలు రాశాను, ఓచర్లు సర్దాను, ఆడిట్‌కు జవాబు చెప్పుకున్నాను. నాకు తెలిసిన వరస ఒకటే: ముందు పేర్లు, తర్వాత గంట, ఆ తర్వాత డబ్బు. ఏ బిడ్డ ఎక్కడ ఆగిపోయిందో పేరుపేరునా తెలియాలి, ఆ బిడ్డతో కూర్చోవడానికి రోజులో ఒక గంట దొరకాలి, ఈ రెండూ కాగితం మీద ఉంటేనే డబ్బు అడిగినప్పుడు మన మాట నిలబడుతుంది. చాలామంది చివరిది ముందు మొదలుపెడతారు.

మొదలుపెట్టే ముందు ఇవి చేతిలో ఉండాలి:

- తరగతివారీ హాజరు రిజిస్టర్లు
- యూడైస్ ప్లస్‌లో (దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే సర్కారు పోర్టల్) మీ బడికి నమోదైన విద్యార్థుల సంఖ్య
- ఎస్‌ఎంసీ (తల్లిదండ్రులతో ఏర్పడే బడి యాజమాన్య కమిటీ) మినిట్స్ బుక్, సభ్యుల ఫోన్ నంబర్లు
- పోయిన ఏడాది ఏ గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని తెలిపే క్యాష్ బుక్
- ఈ పనికి మాత్రమే పెట్టుకునే ఒక లాంగ్ నోట్‌బుక్

1. ఒక్కో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి

మార్కుల లిస్టు చూసి పిల్లల్ని ఎంచొద్దు. పరీక్షలో 35 తెచ్చుకున్న బిడ్డకు కూడా చదవడం రాకపోవచ్చు, బోర్డు మీద ఉన్నది బొమ్మ గీసినట్టు దించేసి ఉండొచ్చు. ఒక్కొక్కరిని విడిగా, మిగతా పిల్లలకు వినపడనంత దూరంలో కూర్చోబెట్టి చూడాలి. ఒక్కరికి పది నిమిషాలు పట్టినా నలభై మంది ఉన్న బడిలో నాలుగైదు రోజుల్లో అయిపోతుంది.

తెలుగుకు అయిదు మెట్లు: ఇంకా మొదలుకానివాళ్లు, అక్షరాలు, పదాలు, పేరా, కథ. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో వాడేది ఈ పద్ధతే. పేరా ఒకటో తరగతి స్థాయిది, కథ రెండో తరగతి స్థాయిది. పేరాతో మొదలుపెట్టండి. మూడు తప్పులకు మించకుండా, పదం పదం తుంచకుండా వాక్యంలా చదివితే కథ ఇవ్వండి. పేరా రాకపోతే పదాలకు దిగండి, అయిదింటిలో నాలుగు చదవాలి. అవీ రాకపోతే అక్షరాలు, అక్కడ కూడా అయిదింటికి నాలుగు.

లెక్కల్లో తీసివేతతో మొదలుపెట్టండి: రెండంకెల తీసివేతలు రెండు, అప్పు తెచ్చుకోవలసినవి. రెండూ సరిగ్గా వస్తే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క ఇవ్వండి. తీసివేత రాకపోతే 10 నుంచి 99 దాకా సంఖ్యలు గుర్తుపట్టడం, అదీ రాకపోతే 1 నుంచి 9.

ఇక్కడ తొందరపడకండి. మా బడిలో ఆరో తరగతి పిల్లవాడొకడు 52లో 27 తీసేసి 35 అని రాశాడు. తప్పు అని కొట్టేసి ‘తీసివేత రాదు’ అని రాసుకుంటే సరిపోయేది, కానీ ఎలా చేశావు నాయనా అని అడిగితే వాడు చెప్పాడు: ఏడులోంచి రెండు తీస్తే అయిదు, అయిదులోంచి రెండు తీస్తే మూడు. అంటే వాడికి తీసివేత వచ్చు. పైన ఉన్న అంకె చిన్నదైతే అటూ ఇటూ మార్చి పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తున్నాడు, పదుల్లోంచి అప్పు తేవడం ఒక్కటే తెలియదు. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి, అయిదు కట్టలూ రెండు విడిపుల్లలూ చేతికిచ్చి, ఇందులోంచి ఏడు విడిపుల్లలు నాకియ్యి అన్నాను. రెండే ఉన్నాయి కాబట్టి కాసేపు చూసి తనే ఒక కట్ట విప్పాడు. నాలుగు రోజులు పుల్లలతో చేయించాక అయిదో రోజు పుల్లలు లేకుండానే చేశాడు. వాడికి కావలసింది ఏడాది ట్యూషన్ కాదు, నాలుగు రోజులు పక్కన కూర్చునే మనిషి. ఈ తేడా రాసుకోకపోతే డబ్బు వచ్చినా ఎవరి మీద ఎంత పెట్టాలో మీకు తెలియదు.

చదవడంలోనూ ఇంతే. ‘పుస్తకం’ను ‘పుసతకం’ అని చదివే బిడ్డ దగ్గర ‘పదాల మెట్టు’ అని రాసి వదిలేయకండి, పక్కన ‘ఒత్తులు’ అని కూడా రాయండి. ‘కీ’ని ‘కి’లా పలికితే ‘దీర్ఘాలు’ అని రాయండి. ఆ ఒక్క మాటే రేపు ఏ కార్డులు కొనాలో చెప్తుంది.

మన జిల్లాలకు మాత్రమే సంబంధించిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి.

బడులు జూన్ 12న తెరుస్తారు. తోతాపురి మామిడికాయ దింపేది, గుజ్జు ఫ్యాక్టరీలకు లారీలు కదిలేది కూడా జూన్, జులైలోనే. తోటల్లో కూలికి పోయే ఇళ్ల బిడ్డలు ఆ రోజుల్లో బడికి సరిగ్గా రారు, అసలు సాయం ఎక్కువ కావలసింది వాళ్లకే. కాబట్టి జూన్ చివర ఒకసారి, జులై చివర మిగిలిన వాళ్లకు మళ్లీ ఒకసారి చూడండి.

గుడిపాల, నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలుంటారు, కుప్పం వైపు తమిళంతో పాటు కన్నడం కూడా. ఆ బిడ్డ తెలుగు పేరా దగ్గర తడబడితే తెలివి తక్కువని కాదు, ఇంటి భాష వేరు. నోట్‌బుక్‌లో ఇంటి భాషకు ఒక గడి పెట్టండి.

బోర్డు మీదిది కళ్లు చికిలించి చూసే బిడ్డ, రెండుసార్లు పిలిస్తే గానీ పలకని బిడ్డ ఉంటే మెట్టు నిర్ణయించే ముందు కంటికి, చెవికి చూపించండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మండలంలో భవిత కేంద్రం, అక్కడ వాళ్లకు చదువు చెప్పే ఐఈఆర్‌టీ టీచర్లు ఉంటారు. వాళ్ల దారి వేరు, రెమిడియల్ (అదనపు బోధన) గుంపులో కలిపేసి చేతులు దులుపుకోవద్దు.

2. ఏ డబ్బు దేనికి వస్తుందో తెలుసుకోండి

‘ట్యూషన్ గ్రాంటు’ అనే పేరుతో బడి ఖాతాలో విడిగా ఒక మొత్తం పడుతుందని ఎదురుచూడకండి. డబ్బు వేర్వేరు పద్దుల్లో ఉంటుంది. ఎక్కువ భాగం, బడి చదువు కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కిందిది. మన రాష్ట్రానికి అందులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40.

- కాంపోజిట్ స్కూల్ గ్రాంటు: విద్యార్థుల సంఖ్యను బట్టి. 2021లో సవరించిన నిబంధనల్లో ఏడాదికి 30 మంది వరకు 10,000, 31 నుంచి 100 వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000, 251 నుంచి 1,000 వరకు 75,000, ఆపైన 1,00,000 రూపాయలు. ఇందులో కనీసం 10 శాతం శుభ్రతకు పోవాలి. కరెంటు బిల్లు, నీళ్లు, చాక్‌పీసులతో పాటు బోధన సామగ్రి కూడా దీంట్లో కొనొచ్చు. మనిషికి జీతం ఇవ్వడానికి ఇది కాదు.
- లైబ్రరీ గ్రాంటు: ప్రాథమిక బడికి ఏడాదికి 5,000 వరకు. పేరా మెట్టు మీద ఉన్న పిల్లలకు చిన్న కథల పుస్తకాలు కావాలంటే ఇదే సరైన చోటు.
- నిపుణ్ భారత్ కింద పునాది చదువు, లెక్కలు: చిన్న తరగతుల్లో బిడ్డకు ఏడాదికి 500 వరకు బోధన సామగ్రికి, టీచరుకు 150 వరకు కరదీపికలు, ఇతర సామగ్రికి. ఇది సాధారణంగా నగదుగా రాదు. వర్క్‌బుక్కులు, కిట్లుగా వస్తుంది. కాబట్టి ‘మాకు ఇన్ని తక్కువ వచ్చాయి’ అని అడగాలి.
- బడి మానేసిన, అసలు చేరని పిల్లల ప్రత్యేక శిక్షణ: విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చి విడిగా శిక్షణ ఇవ్వాలి. సమగ్ర శిక్ష నిబంధనల్లో ఇంటి నుంచి వచ్చే బిడ్డకు ఏడాదికి 6,000 వరకు, వసతితో కూడిన శిక్షణకు 20,000 వరకు ఉంది. ఇటుక బట్టీలకు, చెరకు నరకడానికి వలస పోయే ఇళ్ల పిల్లలు మీ ఊళ్లో ఉంటే సీజనల్ హాస్టల్ గురించి కూడా ఇదే అర్జీలో అడగండి.
- రెమిడియల్ బోధన: సమగ్ర శిక్ష నాణ్యత పద్దులో జిల్లా, రాష్ట్ర ప్రణాళిక ద్వారా మంజూరవుతుంది. మీ బడి అవసరం జిల్లా ప్రణాళికలోకి ఎక్కితేనే ఇందులో మీకు భాగం. పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక అమలయ్యే ఏడాది దాని ఆదేశాలు విడిగా వస్తాయి.

ముట్టుకోకూడనివి కూడా చెప్తాను. మధ్యాహ్న భోజనం పద్దు భోజనానికే. 2025లో తల్లికి వందనం కింద బిడ్డకు 15,000లో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణకు అన్నారు కదా, ఆ 2,000 చదువు చెప్పించడానికి వాడేది కాదు. ఇంకా ముఖ్యమైనది, ‘నెలకు ఇంటికి వంద వేసుకుందాం, మన టీచరే చెప్తారు’ అని కమిటీలో ఎవరైనా మంచి మనసుతోనే అంటే అక్కడే ఆపండి. టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పడాన్ని విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ నిషేధించింది. అయినా వంద ఇవ్వలేని ఇంటి బిడ్డే మనం వెతుకుతున్న బిడ్డ.

అదే చట్టం 24వ సెక్షన్ టీచరు విధుల్లో ఒకటి స్పష్టంగా రాసింది: ప్రతి బిడ్డ నేర్చుకునే సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన అందించాలి. ఈ వాక్యం మీ అర్జీలో ఉండాలి. ఎవరి దయా అడగడం లేదని అందులో అర్థమవుతుంది.

3. ఎస్‌ఎంసీలో తీర్మానం చేయించండి

మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులు, వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు సభ్యులుగా ఉంటారు, హెచ్‌ఎం కన్వీనరు. సగం మంది రాకపోతే సమావేశం చెల్లదు. కూలి పనుల రోజుల్లో పగలు పిలిస్తే ఎవరూ రారు, సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి.

తీర్మానం ఇంత వివరంగా ఉండాలి:

“తేదీ ____ నాటి పరీక్షలో 3, 4, 5 తరగతుల 41 మంది విద్యార్థులలో 23 మంది పేరా చదవలేకపోతున్నట్టు తేలినందున, రోజూ చివరి గంట అదనపు బోధనకు కేటాయించాలని, కాంపోజిట్ గ్రాంటు నుంచి బోధన సామగ్రికి ____ రూపాయలు వాడాలని, మిగిలిన అవసరానికి మండల విద్యాశాఖాధికారికి అర్జీ పెట్టాలని తీర్మానించడమైనది.”

సంఖ్యలు మీవి వేసుకోండి. ‘పిల్లల అభివృద్ధికి కృషి చేయాలని తీర్మానించడమైనది’ లాంటి వాక్యం వద్దు, దానితో ఏ పనీ కాదు.

పిల్లల పేర్లు మినిట్స్‌లో రాయొద్దు, సంఖ్య చాలు. పేర్ల జాబితా హెచ్‌ఎం దగ్గర నోట్‌బుక్‌లోనే ఉండాలి. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టడం, గోడకు అతికించడం బిడ్డను ఊరందరి ముందూ నిలబెట్టినట్టే.

4. నెలలు తప్పకండి

అర్జీ బాగున్నా నెల తప్పితే లాభం లేదు. మా మొదటి రెండేళ్లూ ఇలాగే పోయాయి.

విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఎస్‌ఎంసీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి, ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి. చాలా బడుల్లో ఇది పాత కాపీని తేదీ మార్చి ఇచ్చేసే కాగితంగా మారింది. అందులో ‘అదనపు బోధన’ అని ఒక పేజీ చేర్చండి, మిగతా పేజీల కన్నా ఇదే పనికొస్తుంది.

- జూన్, జులై: పరీక్ష, జాబితా, ఎస్‌ఎంసీ తీర్మానం
- ఆగస్టు: మొదటి అర్జీ
- సెప్టెంబర్ 30: యూడైస్ ప్లస్‌కు లెక్క చూసే తేదీ. ఆ రోజుకు ఒక్క పేరు కూడా తప్పిపోకూడదు, గ్రాంటు శ్లాబు దీంతోనే తేలుతుంది. 98 మందికీ 101 మందికీ తేడా 25,000 రూపాయలు
- నవంబర్, డిసెంబర్: అభివృద్ధి ప్రణాళికలో అదనపు బోధన పేజీ, రెండో పరీక్ష ఫలితంతో
- జనవరి: జిల్లా వార్షిక ప్రణాళిక, బడ్జెట్ తయారయ్యే లోపు ఎంఆర్‌సీలో (మండల రిసోర్స్ సెంటర్) కాపీ ఇచ్చి రసీదు తీసుకోవడం
- ఫిబ్రవరి చివర: ఖర్చంతా పూర్తి

5. అర్జీ ఎలా రాయాలి

నేను రాసిన మొదటి అర్జీ రెండు లైన్లు. ‘మా పాఠశాలలో విద్యార్థులు చదువులో వెనుకబడి ఉన్నారు, తగిన నిధులు మంజూరు చేయగలరు.’ ఏడాది పాటు జవాబు రాలేదు. మరుసటి ఏడాది అదే కార్యాలయానికి ఒక పేజీ పట్టిక పెట్టాను, తరగతి, ఏ మెట్టు మీద ఎంతమంది, ఏం కావాలి అని. మూడు వారాల్లో తక్కువ పడిన వర్క్‌బుక్కులు వచ్చాయి, సీఆర్‌ఎంటీని (క్లస్టర్‌లోని బడులకు తిరిగే రిసోర్స్ టీచరు) వారానికి రెండు రోజులు మా బడికి వేశారు. డబ్బు రూపాయి రాలేదు, కానీ మాకు కావలసిందే వచ్చింది.

అర్జీ ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) గారికి రాయండి, కాపీ జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయానికి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక చిత్తూరుకు, తిరుపతికి కార్యాలయాలు వేరు. పాత అలవాటుగా చిత్తూరుకు పంపేసే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మీ మండలం ఏ జిల్లాలో ఉందో చూసి పంపండి.

అర్జీలో ఉండవలసినవి:

- బడి పేరు, యూడైస్ కోడ్, మొత్తం విద్యార్థులు, పనిచేస్తున్న టీచర్లు
- పరీక్ష తేదీలు, మెట్టువారీ సంఖ్య
- బడి ఇప్పటికే ఏం మొదలుపెట్టింది, ఎన్ని రోజులైంది
- ఏం కావాలి: వస్తువు, సంఖ్య, ఏ పద్దు
- సెక్షన్ 24, సెక్షన్ 22 ప్రస్తావన
- ఎస్‌ఎంసీ తీర్మానం కాపీ

మూడో అంశం చాలామంది వదిలేస్తారు. నిధులు వస్తే మొదలుపెడతాం అని రాసిన అర్జీ కన్నా, ఇరవై రోజులుగా చెప్తున్నాం, ఇది తక్కువైంది అని రాసినదాన్ని కాదనడం అధికారికి కష్టం.

6. మనుషులు ఎక్కడ దొరుకుతారు

తాత్కాలిక బోధకులను బడి సొంతంగా పెట్టుకోలేదు. అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్ల నియామకానికి ప్రభుత్వ ఆదేశం వచ్చినప్పుడే, ఖాళీని బట్టి జరుగుతుంది. ఆదేశం రాకముందే ఎవరికైనా మాటిచ్చేసి తర్వాత జీతం దగ్గర ఇరుక్కోవద్దు.

పక్కనే తమిళనాడులో 2021 నుంచి ‘ఇల్లం తేడి కల్వి’ కింద వాలంటీర్లకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చి సాయంత్రం చదివించారు. గుడిపాల దాటి అవతల చుట్టాలున్న వాళ్లు మనకెందుకు లేదని నన్ను అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. అది కూడా ఎస్‌ఎంసీ తీర్మానంగా రాసి పైకి పంపండి, నోటిమాటగా వదిలేయకండి.

డబ్బు లేకుండా మనకు దొరికే మనుషులు వీళ్లు:

కార్వేటినగరం డైట్‌లో (సర్కారు ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) శిక్షణ పొందే విద్యార్థులు, తిరుపతిలోని బీఈడీ కాలేజీల విద్యార్థులు ఇంటర్న్‌షిప్ కోసం ఎలాగూ బడులకు వస్తారు. వచ్చాక ఏదో ఒక తరగతికి పంపేయకుండా, వచ్చే ముందే ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాసి ఇద్దరిని పదాల మెట్టు గుంపుకు కావాలని అడగండి. వాళ్ల రికార్డుకు కేస్ స్టడీ దొరుకుతుంది, మన బిడ్డకు మనిషి దొరుకుతుంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాల ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లనూ అడగొచ్చు. ఊళ్లో డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలుంటే కేంద్రం విద్యాంజలి పోర్టల్‌లో వాలంటీరుగా నమోదు చేయించి పిలవండి.

ఎవరొచ్చినా తరగతిలో ఒంటరిగా వదలొద్దు, టీచరు కనుచూపు మేరలో ఉండాలి. రోజూ సంతకం పెట్టే రిజిస్టరు ఉండాలి.

7. గంట ఎలా నడపాలి

సమయం బడిలోపలే ఉండాలి. సాయంత్రం అయిదు తర్వాత పెడితే పక్క పల్లె పిల్లలకు బస్సు తప్పుతుంది, ఆడపిల్లల తల్లులు ఒప్పుకోరు. పొద్దున ఎనిమిదికి పెడితే తినకుండా వస్తారు. చివరి పీరియడ్ గానీ, భోజనం తర్వాతి మొదటి పీరియడ్ గానీ పట్టుకోండి. రోజుకు ఒక గంట, 40 పనిదినాలు ఒక విడత.

తరగతిని మరిచిపోండి, మెట్టును బట్టి కూర్చోబెట్టండి. అక్షరాల గుంపులో మూడో తరగతి బిడ్డ, అయిదో తరగతి బిడ్డ పక్కపక్కనే ఉంటారు. పెద్ద బిడ్డ సిగ్గుపడుతుంది, నిజమే. అందుకని అన్ని గుంపులకూ ఒకే గంటలో చెప్పండి, బాగా చదివే వాళ్లకూ అప్పుడే కథల పుస్తకాలు ఇవ్వండి. బడి మొత్తం కదులుతుంటే ఎవరు ఎందుకు కదిలారో ఎవరూ అడగరు. ‘డల్ బ్యాచ్’ అనే మాట స్టాఫ్‌రూమ్‌లో కూడా అనొద్దు, అది తలుపు దాటి పిల్లల చెవిన పడుతుంది.

గంటను ఇలా పంచుకోండి:

- 10 నిమిషాలు మాట్లాడించడం: నిన్న ఇంట్లో ఏం వండారు, సంతలో ఏం చూశారు
- 20 నిమిషాలు చదవడం: గుణింతాల చార్టు లేదా పేరా, ముందు టీచరు, తర్వాత గుంపు, తర్వాత ఒక్కొక్కరు
- 10 నిమిషాలు రాయడం: చదివినదాంట్లోంచి, సొంత మాటల్లో
- 20 నిమిషాలు లెక్కలు: పుల్లలు, చింతగింజలు

మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటుంది. ఈ గంటలో తెలుగు పేజీయే తీయించండి. తెలుగులో పేరా చదవలేని బిడ్డకు ఇంగ్లిష్ పేజీ పెడితే రెండూ రావు. ఈ విషయంలో నాతో వాదించిన టీచర్లున్నారు, నేను మాత్రం అనుభవంతోనే చెప్తున్నాను.

నవంబర్‌లో మన వైపు వానలకు సెలవులు పడుతూనే ఉంటాయి. 40 రోజుల విడతను నవంబర్ మీద ఆధారపడి వేయకండి. జులై మధ్యలో మొదలుపెట్టి దసరా సెలవుల లోపు ఒకటి, దసరా తర్వాత మొదలుపెట్టి సంక్రాంతి సెలవుల లోపు ఇంకొకటి.

ఇరవయ్యో రోజు, నలభయ్యో రోజు మళ్లీ అదే పరీక్ష పెట్టండి, వేరే పేరాతో. మెట్టు ఎక్కిన బిడ్డను ఆ రోజే పై గుంపుకు మార్చండి. నలభై రోజులకీ కదలని బిడ్డ ఉంటే ముందు హాజరు చూడండి, తర్వాత ఇల్లు చూడండి. మా దగ్గర ఒక పాప కదలకపోవడానికి కారణం చివరి గంటలో చిన్న తమ్ముణ్ని తీసుకురావడానికి అంగన్‌వాడీకి వెళ్లిపోవడం. గంట మార్చాం, సరిపోయింది.

8. ఖర్చు, లెక్క

ఇప్పుడు బడి ఖాతాలో డబ్బు నిలవ కనపడదు. అది జీరో బ్యాలెన్స్ ఖాతా, పీఎఫ్‌ఎంఎస్‌లో (సర్కారు చెల్లింపులు జరిగే కేంద్ర పోర్టల్) మీకు ఖర్చు పరిమితి మాత్రమే కనిపిస్తుంది. పాస్‌బుక్‌లో సున్నా చూసి గ్రాంటు రాలేదని కూర్చున్న హెచ్‌ఎంలను చూశాను. లాగిన్‌లో పరిమితి చూడండి. మార్చి 31 లోపు వాడకపోతే ఆ పరిమితి పోతుంది.

ఒక ఏడాది మేము మార్చి ఆఖరి వారం దాకా ఆగాం. సైట్ తెరుచుకోలేదు, సంతకం పెట్టవలసిన ఎస్‌ఎంసీ చైర్మన్ ఊళ్లో లేరు, కథల పుస్తకాలకు పెట్టుకున్న పరిమితి అలాగే పోయింది. ఆ ఏడాది పేరా గుంపుకు చదవడానికి పుస్తకాల్లేక, పాత పత్రికల పేజీలు కత్తిరించి అట్టలకు అంటించుకున్నాం. ఫిబ్రవరి అని పైన అందుకే రాశాను.

ఖర్చు చేసేటప్పుడు:

- కొనే ముందు ఎస్‌ఎంసీ తీర్మానం, కొన్నాక కాదు
- బిల్లు బడి పేరు మీద, తేదీతో
- ప్రతి వస్తువూ స్టాక్ రిజిస్టరులో, ఏ గుంపుకు ఇచ్చారో పక్కన
- ఓచరు మీద హెచ్‌ఎం, చైర్మన్ సంతకాలు
- వినియోగ ధ్రువపత్రం ఎంఆర్‌సీలో ఇచ్చి కాపీ మీద ముద్ర
- ఖర్చు వివరం వచ్చే ఎస్‌ఎంసీ సమావేశంలో పైకి చదవడం

ఏం కొనాలి అంటే నా లెక్క ఇది: గుణింతాల చార్టులు, ఒత్తుల కార్డులు, పది పన్నెండు పేజీల పెద్దక్షరాల కథల పుస్తకాలు, పలకలు. పుస్తకాలు ఒకే రకం నలభై కొనకండి, నలభై రకాలు ఒక్కొక్కటి కొనండి. దాతలు ఇస్తామన్నా ఇదే చెప్పండి. ప్రింటరు, స్పీకరు లాంటివి ఈ డబ్బులో వద్దు.

9. తరచూ జరిగే తప్పులు, వాటి మందు

బాగా చెప్పే టీచరును పదో తరగతికి, ఎవరూ లేకపోతే అక్షరాల గుంపుకు అన్నట్టు వేస్తారు. తిరగేయండి. అక్షరాల గుంపుకే ఓపికున్న, అనుభవమున్న టీచరు కావాలి.

రెమిడియల్ గంటలో హోంవర్క్ పూర్తి చేయిస్తారు. అది రోజువారీ తరగతి పని, దీనికి కలపొద్దు.

ఫొటోల కోసం మొదటి వారం బాగా నడిచి తర్వాత ఆగిపోతుంది. గోడ మీద 40 గడుల కాగితం అతికించి, గంట జరిగిన రోజు ఒక బిడ్డతో గడి నింపించండి. ఖాళీ గడి కనపడితే పిల్లలే అడుగుతారు.

టీచరు ట్రైనింగ్‌కు, సర్వేకు వెళ్లిన రోజు గంట ఎగిరిపోతుంది. రెండో మనిషి పేరు ముందే రాసి పెట్టుకోండి. జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప ఇతర పనులకు టీచర్లను వాడకూడదని 27వ సెక్షన్ చెప్తుంది, ఎస్‌ఎంసీ తరఫున ఈ మాట రాతపూర్వకంగా అడగొచ్చు.

10. జవాబు రాకపోతే

నెల రోజులు ఆగి, అదే అర్జీ కాపీతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. హెచ్‌ఎం కన్నా ఎస్‌ఎంసీ చైర్మన్, ఇద్దరు తల్లులు వెళ్తే మంచిది. నంబరు రాసుకోండి.

అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. ఎందుకు ఇవ్వలేదు అని అడగకండి, దానికి జవాబు రాదు. ఇలా అడగండి:

1. ఈ ఆర్థిక సంవత్సరంలో మా మండలానికి సమగ్ర శిక్ష కింద రెమిడియల్ బోధన, బోధన సామగ్రి పద్దుల్లో మంజూరైన మొత్తం, బడివారీగా.
2. మా పాఠశాల యూడైస్ కోడ్‌పై విడుదలైన ఖర్చు పరిమితి, తేదీలతో.
3. మా పాఠశాల అభివృద్ధి ప్రణాళిక ఏ తేదీన అందింది, దానిపై రాసిన నోట్‌ఫైల్ కాపీ.
4. తేదీ ____ నాటి మా అర్జీపై తీసుకున్న చర్యల కాపీ.

దరఖాస్తు స్పీడ్ పోస్టులో పంపి, రసీదును మినిట్స్ బుక్‌లో ఆ నెల తీర్మానం పక్కనే అంటించండి.